తుపాకి కంటే మాట ముఖ్యం: ‘మాస్ ఎఫెక్ట్’ ఆటలో తొలి అడుగులు

కంప్యూటర్ ఆటలు అనగానే పెద్దల మనస్సులో మెదిలేవి పరుగులు తీసే కార్లు, ఎడతెగని కాల్పులు. ఆ కోవకు పూర్తిగా చెందని ఆటలు కూడా ఉన్నాయి. వాటిని రోల్ ప్లేయింగ్ ఆటలని పిలుస్తారు. నాటకంలో నటుడు ఒక వేషం ధరించినట్లు, ఆడే వ్యక్తి ఇందులో ఒక పాత్రను ధరిస్తాడు. ఆ పాత్ర ఎవరితో ఏమి మాట్లాడాలో, ఎవరిని వెంట తీసుకొని వెళ్లాలో, ఎవరిని క్షమించాలో తానే నిర్ణయిస్తాడు. కథ ఆ నిర్ణయాల ననుసరించి మలుపులు తిరుగుతుంది. విజ్ఞాన కల్పనా కథతో ఈ తరహాలో వెలువడిన ఆటలలో ప్రసిద్ధమైనది ‘మాస్ ఎఫెక్ట్’. దీనిని కాల్పుల ఆటగా భావించి తొందరపడి ఆడినవారు చాలా పోగొట్టుకొంటారు. నిదానంగా, మాటకు విలువ ఇచ్చి ఆడినవారికే ఇది తన సంపదను చూపుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి అవసరమైన విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఆట పుట్టుక, కథా నేపథ్యం

కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో 1995లో ప్రారంభమైన బయోవేర్ అనే సంస్థ ఈ ఆటను రూపొందించింది. ఆ సంస్థ స్థాపకులు వృత్తిరీత్యా వైద్యులు కావడం విశేషం. మొదటి భాగం 2007 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360 యంత్రానికి, 2008లో కంప్యూటర్‌కు విడుదలైంది. రెండవ భాగం 2010లో, మూడవ భాగం 2012లో వచ్చాయి. ఈ మూడింటిని మెరుగుపరచి 2021 మే నెలలో ‘లెజెండరీ ఎడిషన్’ పేరుతో ఒకే సంపుటిగా వెలువరించారు. కొత్తవారు ఆ సంపుటిలోని మొదటి భాగంతో ప్రారంభించడం మేలు.

కథ క్రీస్తు శకం 2183లో జరుగుతుంది. అంతకు 35 సంవత్సరాల ముందు, 2148లో, అంగారక గ్రహంపై ఒక ప్రాచీన జాతి విడిచి వెళ్లిన శిథిలాలు మానవులకు లభిస్తాయి. ప్రోథియన్లు అనే ఆ జాతి 50,000 సంవత్సరాల క్రితమే అంతరించింది. వారి విజ్ఞానంతో మానవులు నక్షత్రాల నడుమ ప్రయాణించడం నేర్చుకొంటారు. తీరా వెళ్లి చూస్తే అక్కడ అనేక జాతులు అప్పటికే స్థిరపడి, సిటడెల్ అనే మహా అంతరిక్ష నగరం నుండి పాలన సాగిస్తుంటాయి. పాలక మండలిలో అసారి, ట్యూరియన్, సలారియన్ జాతులకే స్థానం ఉంటుంది. మానవులు ఆ సభకు కొత్తగా వచ్చినవారు. వారి మాటకు ఇంకా విలువ ఏర్పడలేదు.

ఆటగాడు ధరించే పాత్ర పేరు కమాండర్ షెపర్డ్. పురుషుడిగానైనా, స్త్రీగానైనా ఎంచుకోవచ్చు. సారెన్ అనే ట్యూరియన్ అధికారి గెత్ అనే యంత్రజాతితో చేతులు కలిపి ద్రోహం తలపెడతాడు. అతనిని వెంబడించి ఆపడమే షెపర్డ్ కర్తవ్యం.

ఆట పేరుకు కూడా కథలో ఒక ఆధారం ఉంది. ‘ఎలిమెంట్ జీరో’ అనే కల్పిత పదార్థం గుండా విద్యుత్తు ప్రవహిస్తే ఆ పరిధిలోని వస్తువుల ద్రవ్యరాశి పెరుగుతుంది లేదా తగ్గుతుంది. నౌకలు కాంతికంటే వేగంగా పోవడానికి, కొందరు మనుషులు చేతితో తాకకుండానే వస్తువులను లేపి విసరడానికి ఇదే కారణమని కథ చెబుతుంది. ఇది నిజమైన భౌతికశాస్త్రం కాదు. అయితే ఆ ఒక్క కల్పనను అంగీకరిస్తే మిగిలినదంతా దానినుండి క్రమంగా అల్లుకొని వస్తుంది.

మొదలుపెట్టే ముందు

లెజెండరీ ఎడిషన్ విండోస్ కంప్యూటర్, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాలకు తయారైంది. మొబైల్ ఫోనుకు ప్రత్యేకంగా తయారుచేసిన రూపం లేదు. కంప్యూటర్‌లో 64 బిట్ల విండోస్ 10, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కులో 120 జీబీ ఖాళీ ఉండాలని నిర్మాతలు పేర్కొన్నారు. సాధారణ కార్యాలయపు పనులకు కొన్న కంప్యూటర్‌లో ఇది నడవకపోవచ్చు. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉండే గ్రామాలలో ఇంత పెద్ద ఆటను దింపుకోవడానికి రోజులు పట్టవచ్చు. మొబైల్ డేటాతో దింపుకోదలచినవారు ముందుగా లెక్క చూసుకోవడం అవసరం.

తల్లిదండ్రులు గమనించవలసిన ముఖ్య విషయం మరొకటి ఉంది. అమెరికాలో ఆటలకు వయోపరిమితి నిర్ణయించే ఇ.ఎస్.ఆర్.బి. ఈ ఆటను 17 సంవత్సరాలు నిండినవారికి తగినదిగా వర్గీకరించింది. హింస, రక్తపాతం, పరుష పదజాలం, కొన్ని శృంగార సన్నివేశాలు ఇందులో ఉన్నాయి. బొమ్మలతో ఆడుకొనే వయస్సు పిల్లలకు ఇది తగదు.

పాత్రను తీర్చిదిద్దడం

ఆట ప్రారంభంలో షెపర్డ్ ముఖాన్ని, పూర్వచరిత్రను, స్వభావాన్ని, వృత్తిని ఎంచుకోమని అడుగుతుంది. బాల్యం నౌకలపై గడిచిందా, దూరపు వలసగ్రామంలో గడిచిందా, భూమిపై వీధులలో గడిచిందా అన్నది ఒక ఎంపిక. సైన్యంలో వీరుడిగా పేరు వచ్చిందా, తన దళంలో ఒక్కడే ప్రాణాలతో మిగిలాడా, నిర్దయుడనే పేరు మోశాడా అన్నది మరొకటి. ఈ ఎంపికలను బట్టి కొన్ని సంభాషణలు, కొన్ని చిన్న పనులు మారుతాయి.

వృత్తులు ఆరు. సోల్జర్ పూర్తిగా ఆయుధాలపై ఆధారపడతాడు. ఇంజినీర్ యంత్రాలను స్తంభింపజేస్తాడు. అడెప్ట్ ద్రవ్యరాశిని మార్చే శక్తితో శత్రువులను గాలిలోకి లేపుతాడు. మిగిలిన మూడూ మిశ్రమాలు. ఇన్‌ఫిల్ట్రేటర్‌కు ఆయుధమూ యంత్రవిద్యా, వ్యాన్‌గార్డ్‌కు ఆయుధమూ శక్తీ, సెంటినెల్‌కు యంత్రవిద్యా శక్తీ ఉంటాయి. ఇటువంటి ఆటలు ఎన్నడూ ఆడనివారికి సోల్జర్ అనుకూలం. అతనికి బలమైన కవచం, ఎక్కువ ప్రాణశక్తి ఉంటాయి గనుక తప్పులు చేసినా తట్టుకొంటాడు. కొంత అలవాటు ఉన్నవారు ఇన్‌ఫిల్ట్రేటర్‌ను ఎంచుకోవచ్చు.

అనుభవం పెరిగేకొద్దీ నైపుణ్యాలకు పంచుకోవలసిన పాయింట్లు లభిస్తాయి. అన్నింటికీ తలా కొంచెం వేస్తే ఏదీ పదును తేలదు. ఒక ఆయుధం, కవచం, ఒకటి రెండు శక్తులు ఎంచుకొని వాటినే పెంచాలి. అయితే అన్నింటికంటే ముందుగా పాయింట్లు వేయదగిన నైపుణ్యాన్ని కొత్తవారు తరచుగా విస్మరిస్తారు. అదే మాట నేర్పు.

మాట నేర్పు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. ఈ ఆటలో అది అక్షరాలా వర్తిస్తుంది. సంభాషణ వచ్చినప్పుడు తెరపై ఒక చక్రం కనిపిస్తుంది. కుడివైపు ఉన్న సమాధానాలు సంభాషణను ముందుకు నడుపుతాయి. వాటిలో పైనున్నది సౌమ్యమైనది, క్రిందనున్నది కఠినమైనది. ఎడమవైపున ఉన్నవి సాధారణంగా మరిన్ని ప్రశ్నలు అడగడానికి ఉపయోగపడతాయి. ఎడమ భాగంలోనే నీలిరంగులో నచ్చజెప్పే మాట, ఎరుపురంగులో బెదిరించే మాట అప్పుడప్పుడు కనిపిస్తాయి. షెపర్డ్‌కు తగిన నేర్పు లేకపోతే అవి మసకగా ఉండి ఎంచుకోవడానికి వీలుపడవు.

నచ్చజెప్పే నేర్పును ‘చార్మ్’ అని, బెదిరించే నేర్పును ‘ఇంటిమిడేట్’ అని ఆటలో పిలుస్తారు. మంచి పనులు చేస్తే ‘పారగాన్’ గణన, కటువుగా ప్రవర్తిస్తే ‘రెనెగేడ్’ గణన పెరుగుతుంది. ఈ రెండూ వేర్వేరు ఖాతాలు. ఒకటి పెరిగితే రెండవది తరగదు. అందుచేత ఒక్కసారి కోపగించుకొన్నంత మాత్రాన అంతవరకు సంపాదించిన మంచిపేరు పోదు. అయితే రెండు నేర్పులకూ పాయింట్లు పంచితే రెండూ అరకొరగానే మిగులుతాయి. మొదటినుండి ఒకదానిని ఎంచుకొని, అవకాశం వచ్చిన ప్రతిసారి దానికి ఒకటి రెండు పాయింట్లు కేటాయించడం ఉత్తమం.

ఒక జాగ్రత్త అవసరం. చక్రంపై కనిపించేది షెపర్డ్ పలకబోయే వాక్యం కాదు, దాని సారాంశం మాత్రమే. చిన్న మాటగా కనిపించినది పెద్ద దెబ్బగా పరిణమించవచ్చు. కుడివైపు సమాధానం నొక్కేముందు ఎడమవైపు ప్రశ్నలన్నీ అడిగి విషయం గ్రహించడం మంచి అలవాటు.

సహచరులు

షెపర్డ్ నౌక పేరు నార్మండీ. ఆ నౌకపై క్రమంగా ఆరుగురు సహచరులు చేరుతారు. కైడన్, ఆష్లీ మానవులు. గారస్ ట్యూరియన్ రక్షకభటుడు. రెక్స్ క్రోగన్ జాతికి చెందిన వృద్ధ యోధుడు. తాలి యంత్రవిద్యలో ఆరితేరిన యువతి. లియారా ప్రోథియన్ల చరిత్రను పరిశోధించే అసారి పండితురాలు. గారస్, రెక్స్‌లలో ఒకరిని చేర్చుకోకుండానే కథ సాగిపోగలదు. సిటడెల్‌లో తొందరపడేవారు వారిలో ఒకరిని చేజార్చుకొనే ప్రమాదం ఉంది.

ఒక పనిపై వెళ్లేటప్పుడు ఇద్దరిని మాత్రమే వెంట తీసుకొని వెళ్లవచ్చు. ఆయుధ నిపుణుడు, యంత్ర నిపుణుడు, శక్తి కలవాడు దళంలో ఉండేటట్లు చూసుకోవాలి. షెపర్డ్ సోల్జర్ అయితే తాలి, లియారా తోడు చక్కగా సరిపోతుంది. తాళం వేసిన పెట్టెలను తెరవడానికి కూడా తాలి వంటివారి నేర్పు అవసరం.

ప్రతి ముఖ్యమైన పని ముగిసిన తరువాత నౌకలో తిరిగి ప్రతి ఒక్కరినీ పలకరించాలి. కొత్తవారు దీనిని కాలక్షేపమని వదలివేస్తారు. దాని ఫలితం ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. కథ ముందుగా తెలియకూడదని భావించే పాఠకులు తరువాతి రెండు పేరాలు వదలి చదువవచ్చు.

రెక్స్ జాతికి శత్రువులు ఒక వ్యాధిని అంటగట్టారు. దానివలన క్రోగన్ స్త్రీలకు బిడ్డలు బ్రతికి పుట్టడం అరుదైపోయింది. విర్‌మైర్ అనే గ్రహంపై ఆ వ్యాధికి మందు సిద్ధమవుతున్నదని తెలుస్తుంది. అయితే దానిని తయారుచేస్తున్నవాడు సారెన్. ఆ కర్మాగారాన్ని ధ్వంసం చేయక తప్పదు. తన జాతి భవిష్యత్తును కాల్చివేయబోతున్న షెపర్డ్‌పైకి రెక్స్ తుపాకి ఎత్తుతాడు. అక్కడ అతనిని శాంతింపజేయడానికి మార్గాలు కొన్నే. మాట నేర్పు ముందే పెంచుకొని ఉండాలి. లేదా నౌకలో అతనితో కూర్చొని కుటుంబ విషయాలు విని, అతని పూర్వీకుల కవచాన్ని వెదకి తెచ్చి ఇచ్చి ఉండాలి. ఈ రెండింటిలో ఏదీ చేయనివారి కళ్లముందే రెక్స్ ప్రాణం పోతుంది. ఆ క్షణంలో ఎంత గురి ఉన్నా ప్రయోజనం లేదు.

అదే గ్రహంపై మరికొంతసేపటికి కైడన్, ఆష్లీలలో ఒకరిని మాత్రమే కాపాడగలిగిన స్థితి వస్తుంది. దానిని ఏ నేర్పూ తప్పించలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నిర్మాతల ఉద్దేశం తెలుస్తుంది. కొన్ని నష్టాలు ఎవరికీ తప్పవు. కొన్ని మాత్రం ముందుచూపుతో, ఎదుటివారి మాట వినే ఓర్పుతో తప్పుతాయి. మొదటి భాగంలో బ్రతికినవారు, మరణించినవారు రెండవ, మూడవ భాగాలలో కూడా అలాగే ఉంటారు. రెక్స్ బ్రతికి ఉంటే తరువాతి కథలో తన జాతికి నాయకుడవుతాడు.

పోరాటంలో మెలకువలు

మొదటిసారి ఆడేవారు కఠినత స్థాయిని ‘క్యాజువల్’ లేదా ‘నార్మల్’ వద్ద ఉంచుకోవాలి. మధ్యలో మార్చుకొనే వీలు ఉంది. పోరాటం మధ్యలో ఆటను ఆపి, శత్రువులు ఎక్కడెక్కడ ఉన్నారో చూసి, సహచరులకు ఏ శక్తి ఎవరిపై ప్రయోగించాలో చెప్పవచ్చు. ఈ సౌకర్యాన్ని ఉపయోగించనివారే తరచుగా ఓడిపోతారు. వ్రేళ్ల వేగం తక్కువగా ఉన్నవారికి, వయస్సు మీరినవారికి కూడా దీనివలన ఆట సాధ్యమవుతుంది.

మొదటి భాగంలో తూటాలు అయిపోవు. అయితే ఎడతెగకుండా కాలిస్తే తుపాకి వేడెక్కి కొంతసేపు మొరాయిస్తుంది. కొద్దికొద్దిగా కాల్చి విరామం ఇవ్వాలి. రెండవ, మూడవ భాగాలలో ఈ పద్ధతి మారింది. అక్కడ వేడిని గ్రహించే బిళ్లలను ఏరుకొంటూ పోవాలి గనుక పొదుపు అవసరం. ఎప్పుడూ గోడల చాటున, పెట్టెల చాటున నిలిచి పోరాడాలి. గెత్ వంటి యంత్రశత్రువులపై తాలి విద్యలు బాగా పనిచేస్తాయి. ప్రాణమున్న శత్రువులను గాలిలోకి లేపి నిస్సహాయులను చేయడంలో లియారా శక్తి ఉపకరిస్తుంది.

గాయాలను మాన్పే ‘మెడిజెల్’ పరిమితంగా లభిస్తుంది. చిన్న గీతకు వాడక, ప్రాణశక్తి బాగా తగ్గినప్పుడే వాడాలి. దొరికిన ఆయుధాలు, కవచాలు సంచిలో 150 వరకే పడతాయి. అది నిండకముందే పనికిరానివి అమ్మివేయాలి, లేదా కరిగించి ‘ఆమ్నిజెల్’గా మార్చుకోవాలి. ఆమ్నిజెల్‌తో తెరుచుకోని తాళాలను దాటవచ్చు, ‘మాకో’ అనే వాహనాన్ని బాగుచేసుకోవచ్చు.

ఏ గ్రహానికి ముందు వెళ్లాలి

సిటడెల్‌లో పని ముగిసి నార్మండీ చేతికి వచ్చిన తరువాత థీరమ్, ఫెరోస్, నోవేరియా అనే మూడు గమ్యాలు కనిపిస్తాయి. ఏ క్రమంలోనైనా వెళ్లవచ్చు. అయితే లియారా చిక్కుపడి ఉన్నది థీరమ్‌పైనే. అక్కడికి ముందుగా వెళితే మిగిలిన కథ అంతటా ఆమె తోడు, ఆమె సంభాషణలు లభిస్తాయి. ఆలస్యం చేసినవారికి వాటిలో కొంత చేజారుతుంది.

చిన్న చిన్న పనులను ‘జర్నల్’ అనే చిట్టా గుర్తుపెట్టుకొంటుంది. వాటిని చివరకు చేద్దామని వాయిదా వేయడం పొరపాటు. ఐలోస్ అనే గ్రహానికి బయలుదేరిన తరువాత వెనుకకు వచ్చే దారి లేదు. మిగిలిన పనులన్నీ అంతకుముందే ముగించుకోవాలి.

సేవ్ చేయడం

కథ ఎంతవరకు వచ్చిందో భద్రపరచడాన్ని సేవ్ చేయడం అంటారు. ఆట తనంతట తాను కొన్ని చోట్ల సేవ్ చేస్తుంది. 2021 సంపుటిలో ఆ చోట్లు పెరిగాయి. అయినా వాటిపైనే ఆధారపడకూడదు. పోరాటం నడుస్తుండగా సేవ్ చేయడం కుదరదు గనుక, ప్రతి పోరాటం ముగిసిన వెంటనే, ప్రతి ముఖ్య సంభాషణకు ముందు స్వయంగా సేవ్ చేయాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో ఈ అలవాటు మరీ అవసరం. ఒకే సేవ్‌పై మళ్లీ మళ్లీ వ్రాయకుండా మూడు నాలుగు వేర్వేరుగా ఉంచుకొంటే, తప్పు జరిగినప్పుడు వెనుకకు పోయే వీలు ఉంటుంది.

ఒకే కంప్యూటర్‌పై అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఆడే ఇళ్లలో ప్రతి ఒక్కరూ వేరుగా షెపర్డ్‌ను సృష్టించుకోవాలి. ఒక్కొక్క షెపర్డ్ సేవ్‌లు వేరువేరుగా నిలువ ఉంటాయి. మొదటి భాగం ముగిసిన తరువాత చివరి సేవ్‌ను తొలగించకూడదు. రెండవ భాగం దానినుండే పాత నిర్ణయాలను గ్రహిస్తుంది.

భాష సంగతి

ఈ ఆట తెలుగులో లేదు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ భాషలలోనూ లేదు. ఆంగ్లంలో ఆడవలసిందే. తెర అడుగున మాటలు కనిపించే ఉపశీర్షికలను ముందుగానే అమర్చుకొంటే విదేశీ ఉచ్చారణ అర్థం కానప్పుడు చదువుకోవచ్చు. సంభాషణ చక్రం ఆటగాడి సమాధానం కోసం చాలావరకు వేచి ఉంటుంది. తెలియని పదానికి నిఘంటువు చూసుకొనేంత వ్యవధి దొరుకుతుంది. ‘కోడెక్స్’ అనే విభాగంలో జాతుల చరిత్ర, శాస్త్ర విషయాలు చిన్న వ్యాసాలుగా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి చదివి వినిపించే ఏర్పాటు కూడా ఉంది. పై తరగతుల విద్యార్థులకు ఆంగ్లం వినడానికి, చదవడానికి ఇది మంచి సాధన.

ఆ కోడెక్స్‌లోని ఒక వివరణ సరిహద్దు గ్రామాలవారికి ఆసక్తి కలిగిస్తుంది. సిటడెల్‌లో అన్ని జాతులవారూ ఒకే భాష మాట్లాడరు. ఎవరి భాషలో వారు మాట్లాడుతుంటే, ధరించిన చిన్న యంత్రాలు వినేవారికి అనువదించి చెబుతాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరొక భాష, సంతలో మూడవ భాష మాట్లాడే పిల్లలు ఆ యంత్రం పనిని రోజూ తమ నోటితోనే చేస్తున్నారు.

సమయ నియమం

ప్రధాన కథ ముగించడానికి సుమారు 15 నుండి 20 గంటలు పడుతుంది. చిన్న పనులన్నీ చేస్తే ఇంకా ఎక్కువ అవుతుంది. మూడు భాగాలూ కలిపితే అది నెలల వ్యవహారం. ఒక గ్రహం పని ముగిసి నార్మండీకి తిరిగి వచ్చిన చోట ఆట ఆపితే కథ తెగిపోదు, మరునాడు గుర్తుకు తెచ్చుకోవడం సులభం. వారానికి ఇన్ని గంటలని ఇంటిలో ముందుగా అనుకొంటే చదువుకు, పనులకు ఇబ్బంది రాదు. పరీక్షల నెలలలో దీనిని మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఇంటిలో పెద్దలు కొద్దిసేపు పక్కన కూర్చొని ముఖ్యమైన సంభాషణలు చూడవచ్చు. ఎందుకు ఆ మాట అన్నావు, ఎందుకు వారిని కాపాడావు అని అడిగితే యువకుల ఆలోచన బయటపడుతుంది. తుపాకి గురిని గురించి మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒక స్నేహితుడు ఎదురుతిరిగినప్పుడు ఏమి చెప్పాలనే ప్రశ్న మాత్రం ప్రతి ఇంటిలోనూ ఉన్నదే.